డబ్బా వాద్యం

ఏలూరులో ఇంటర్ చదివే కొల్లేటికోట అమ్మాయి డిగ్రీ అప్లికేషన్‌కి అది ఆఖరి రోజు. లెక్చరర్ పెన్ను తీశారు.

"మార్కులొక్కటే చాలవమ్మా. చదువు కాక ఇంకేం చేస్తావో రాయాలట."

"పొద్దున్నే మా చేపల చెరువు గట్టు మీద డబ్బా కొట్టి పక్షుల్ని తోలతానండి."

"వాద్య సంగీతం, రాశాను. పక్షుల్ని గుర్తుపడతావా?"

"ఏ గూడబాతు ఎన్ని చేపలు మింగుతుందో కూడా చెప్తానండి."

"పక్షుల పరిశీలన. గట్టంతా పరిగెడతావా?"

"రోజూ నాలుగు చుట్లండి."

"క్రీడలు. ఇక సమాజసేవ ఒక్కటే మిగిలింది."

"అదెప్పుడూ చెయ్యలేదండి."

"నువ్వు తోలిన పక్షులు ఎటు పోతాయి?"

"పక్క చెరువు మీద వాలతాయండి. అది మీ మామగారిదేనండి."

లెక్చరర్ 'ఆకలిగొన్న పక్షులకు ఆహారం' అని రాసి సంతకం పెట్టారు.

"మా మామగారికి మాత్రం చెప్పకమ్మా."