టూటూకి పాట అందించాను

"నానమ్మా, తాతయ్య రికార్డు చేసిన హవాయి ముసలావిడ పాటలో, మధ్యమధ్యలో ఒకావిడ పిలుస్తుందే, అది నీ గొంతేనా?"

నాది కాకపోతే ఇంకెవరిదే? నువ్వప్పుడు హైదరాబాదు హాస్టల్లో ఉన్నావు, నీకేం తెలుసు. కూర్చో. ఈ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విను.

హవాయి అంటే నాకు తెలిసింది చెప్పులే. మీ తాతయ్యేమో గుడివాడ ఆర్కెస్ట్రాలో ఏళ్ళ తరబడి హవాయన్ గిటారు వాయించారు. ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ. మా పెద్దన్నయ్య, కాదు కాదు, చిన్నన్నయ్య, "బావ గిటారుని జోకొడుతున్నాడు" అనేవాడు. వాడి నోరే అంత. తీగలు తెగితే మద్రాసు నుంచి తెప్పించుకోవాలి. ఆ డబ్బుకి ఇంట్లోకి నెల బియ్యం వచ్చేవి, చూసుకో. వాయించిందంతా సినిమా పాటలే. ఆ దేశపు పాట ఒక్కటంటే ఒక్కటి ఎరగరు.

మీ నాన్న మమ్మల్ని ఇక్కడికి, దోహాలో ఈ ఐన్ ఖాలిద్‌కి, తీసుకొచ్చాక, మన కాంపౌండులోనే చివరి విల్లాలో ఒక హవాయి టీచరమ్మ ఉండేది. వాళ్ళమ్మే ఈ పాట పాడినావిడ. అందరూ టూటూ అనేవారు, అంటే వాళ్ళ భాషలో బామ్మట. ఓ సాయంత్రం ఈయన బయట వాయిస్తుంటే, టూటూ చక్రాల కుర్చీ ఆపించి, వాళ్ళ నాన్న కట్టిన పాట ఒకటి ఎత్తుకుంది. అంతే, ఈయన చెయ్యి ఆగిపోయింది. "పిల్లని తెచ్చుకుని ఇన్నేళ్ళు కాపురం చేశాను గానీ, దాని పుట్టిల్లు చూడనే లేదే" అన్నారు నాతో, గిటారుని నిమురుతూ. కళ్ళు చెమర్చాయి కూడా.

ఆ పాటలు టూటూకి తప్ప ఇంకెవరికీ రావు. కూతురి ఉద్యోగం అయిపోవస్తోంది, వెళ్ళిపోతారు. ఇక చూడు ఈయన హడావిడి. మీ నాన్న చేత మైకు తెప్పించారు. కిటికీలకి దుప్పట్లు కట్టారు. చప్పుడొస్తుందని ఏసీ ఆపేశారు. దోహా ఎండల్లో ఏసీ ఆపడమంటే మాటలా, ఒళ్ళంతా చెమట్లు.

తీరా పాడితే, టూటూ ఒక చరణం అవగానే ఆగి పక్కకి చూసేది. ఆర్కెస్ట్రా మనిషికి ఖాళీ కనిపిస్తే ఊరుకుంటాడా? ఈయన ఓ బిట్ వేసేవారు, మన సినిమా పాటల్లో లాగా వంకర్లు తిప్పుతూ. ఆవిడ చెయ్యెత్తి వద్దనేది. మళ్ళీ మొదలు, మళ్ళీ బిట్. చివరికి ఆవిడ, "పాట పోయింది, ఇక రాదు" అనేసింది. ఈయన ముఖం చూడలేకపోయాననుకో.

నాకేమో ఆ పక్కచూపే మనసులో పడింది. మా పెళ్ళిళ్ళలో నేను పాడుతుంటే మా పిన్ని పక్కన కూర్చుని పాట అందించేది. చరణం అవగానే తరవాతి దాని మొదటి మాట అనేది. తను అందిస్తే గానీ నాకు రెండో చరణం వచ్చేది కాదు. అదే టీచరమ్మ చేత అడిగించాను. "మీకు పాట అందించే వాళ్ళెవరు?" అని. టూటూ ఏడ్చేసింది. వాళ్ళ చెల్లెలట. పోయిందట. వాళ్ళలోనూ అంతేనమ్మా, చరణానికీ చరణానికీ మధ్య తరవాతి దాని మొదటి మాట ఒకరు పిలవాలి.

యల్లా, పదండి, నేనే నేర్చుకుంటానన్నాను. ఈయన నవ్వారు. నవ్వితే నాకేం? వాళ్ళ మాటలన్నీ అచ్చులతోనే ముగుస్తాయే, మన తెలుగులాగే. ఇట్టే నోటికి పట్టుబడ్డాయి. మళ్ళీ దుప్పట్లు కట్టి, ఏసీ ఆపి, టూటూ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఆగగానే నేను పిలిచాను. అంతే, పాట పరిగెత్తుకుంటూ వచ్చింది. మీ తాతయ్య బిట్లు మానేసి, ఆవిడ వెనకాలే బుద్ధిగా వాయించారు. ఇన్నేళ్ళలో ఆయన అంత బాగా వాయించడం నేను వినలేదు, ఆ మాట ఆయనతో అనకు, మళ్ళీ పట్టలేం.

వాళ్ళు వెళ్ళిపోయారు. మొన్న టీచరమ్మ ఫోను చేసింది. వాళ్ళ ఊళ్ళో అందరూ కూర్చుని విన్నారట. మన ఇంటి గిటారు హవాయిలో మోగిందే, నాకెంత గర్వంగా ఉంటుందో చూడు. ఎవరో అడిగారట, "ఆ పిలిచే మనిషెవరు?" అని.

టూటూ, "మా చెల్లెలు" అందట.

మరే, చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి... నీకూ నువ్వు ఆగినచోట పాట అందించే మనిషి దొరకాలి తల్లీ, చల్లగా ఉండు.