పంచుకున్న బైబిలు

సోవియట్ ప్రభుత్వం బైబిళ్ళనూ ప్రార్థన కూటాలనూ అణచేస్తున్న రోజుల్లో, కజకిస్తాన్‌లోని కరగండా బొగ్గుగనుల వీధిలో ఒక ముసలావిడ గేటు తీయకుండానే, బయట మంచులో నిలబడ్డ కొత్త మనిషితో మాట్లాడుతోంది.

"వందనాలు సోదరీ. పక్క ఊరు తెమిర్‌తావు సంఘం నుంచి ప్రార్థనకొచ్చాను."

"ప్రార్థనేంటయ్యా? ఇక్కడ నేనూ నా కోళ్ళే ఉంటాం."

"హైన్‌రిచ్ అన్న పంపాడు. పోలీసులు పట్టుకుపోయేముందు మీ ఇల్లు చెప్పాడు."

"వాడు నోరు విప్పే రకం కాదే! సరే, నీకు ఏ వాక్యం వచ్చు?"

"ఏదైనా అడగండి. నాలుగు సువార్తలూ కంఠతా వచ్చు."

"అబ్బో! నాలుగూనా?"

"పొల్లుపోకుండా."

"మాకు మిగిలింది ఒక్క బైబిలు బాబూ. దాన్ని విడదీసి, రెండు ఊళ్ళవాళ్ళం ఇంటికి కొన్ని కాగితాల చొప్పున పంచుకున్నాం. ఎవరి కాగితాలు వాళ్ళకే కంఠతా. అవీ అరిగి పొడైపోయాయి. నాలుగూ వచ్చినవాడు మాలో ఒక్కడూ లేడు."

"నేను... పుస్తకంలో చదివాను."

"చదివే ఉంటావు. మా దగ్గర లాక్కున్న బైబిళ్ళన్నీ మీ పోలీసు ఆఫీసులోనే ఉన్నాయిగా."

"ఊరికే అనుమానించకండి."

"చలికి వణికిపోతున్నావు, టీ ఇస్తాను, గేటు మీంచి అందుకో. లూకా సువార్త చివరి అధ్యాయం హైన్‌రిచ్ ఒక్కడికే వచ్చు. వాణ్ణి మీరే తీసుకుపోయారు. తాగుతూ అది చెప్పు, నేను నేర్చుకుంటాను."