పై గడి, కింద గడి

రెండు వేల పద్దెనిమిది వసంతంలో నాతో మాట మానేశావు. ఏడాదిన్నర తిరక్కుండానే అందరితోనూ మానేసి ఇలా పెట్టెలో పడుకున్నావు. బాగానే ఉంది కోల్మన్. ఎదుటివాడు చెప్పేది వినకుండా వెళ్ళిపోవడం నీకు ముందునుంచీ అలవాటే.

అసలు ఈ పూట నేను ఈ కుర్చీలో ఉండాల్సిన వాణ్ణేనా? నువ్వే చెప్పు. మన ఊళ్ళో పోయినవాడికి గొయ్యి తవ్వేది ఇరుగుపొరుగే గానీ కూలివాళ్ళు కాదు. ఇన్నేళ్ళూ పలుగు నీది, పార నాది. మీ నాన్నకి నేను తవ్వాను, మా అమ్మకి నువ్వు తవ్వావు. ఇవాళ నీ కోసం నలుగురు వాకిట్లో బురద బూట్లు తొడుక్కుని నిలబడ్డారు. నాకు కబురు లేదు. సరే, నేనే వచ్చాను. పార కూడా తెచ్చాను.

మీ ఆవిడ డెలియా వంటింటి గుమ్మంలో ఆపింది. టీ ఇచ్చింది, రొట్టెకి వెన్న రాసి పెట్టింది. మర్యాదకేం లోటు లేదు. తర్వాత గొంతు తగ్గించి అంది: "ఓటు గుట్టు కదా ఫెస్టీ. నువ్వేం వేశావో చూసినవాడెవడు? కోల్మన్ చెప్పినట్టే వేశానని వాళ్ళ ముందు ఒక్క మాట అను. పార పట్టుకుని నువ్వే ముందు నడువు."

ఆలోచించుకోమని నన్ను నీ పక్కన కూర్చోబెట్టి వెళ్ళింది. నేను ప్రార్థన చేసుకుంటున్నానని బయటివాళ్ళు అనుకుంటున్నారు పాపం.

ఒక్క మాటే. పెద్ద కష్టమా అది?

ఎనభై మూడులో నాకు అక్షరం ముక్క రాదు. గర్భం తీయడం కుదరదని రాజ్యాంగంలోనే రాసేద్దామని దేశమంతా ఓట్లేసిన ఏడు. బడి దాకా ఇద్దరం సైకిళ్ళ మీద వెళ్ళాం. గేటు దగ్గర నువ్వు చెవిలో చెప్పావు: పై గడి. నేను పై గడిలో గీత పెట్టాను. అంతే. ఏ ఎన్నికైనా అంతేగా మనకి. ఏ గడో నువ్వు చెప్పేవాడివి, గీత నేను పెట్టేవాణ్ణి. సుఖంగానే ఉండేది.

అరవై దాటాక రాత్రి బడికి పోతానంటే సంతలో అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. వానలో కారు తీసి నువ్వే దింపేవాడివి. నేను బయటికొచ్చేదాకా రేడియో వింటూ కూర్చునేవాడివి. అది మరిచిపోయే మనిషినా నేను?

మరి పోయినేడు మేలో, ఆ రాసింది తీసేద్దామా అని మళ్ళీ అడిగారు. స్తంభం స్తంభానికీ అట్టలు. వద్దనేవాళ్ళవి, కావాలనేవాళ్ళవి. అన్నీ కూడబలుక్కుంటూ చదివాను. ఫాదర్ చర్చిలో అరగంట చెప్పారు, అదీ విన్నాను. బడి గేటు దగ్గర నువ్వు మామూలుగానే వంగి, "ఈసారి కింద గడి, తీసెయ్యొద్దని" అన్నావు. "నేను చదువుకుంటాలే" అన్నాను. నీకు అర్థమైపోయింది. ముఖం ఎలా మారిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

తర్వాత సంతలో ఎవడో అన్నాడు, "ఫెస్టీకి చదువొచ్చింది, దేవుడు పోయాడు" అని. నువ్వూ నవ్వావట.

ఆ రోజు బడి లోపల ఏం జరిగిందో వింటావా? నాకు ఎత్నా గుర్తొచ్చింది. పోస్టాఫీసు పక్కింటి పిల్ల. కడుపుతో ఉండగా కేన్సరని తేలింది. గట్టి మందిస్తే బిడ్డకి ప్రమాదం, రాజ్యాంగం ఒప్పుకోదని డాక్టర్లు పుట్టేదాకా ఆగమన్నారు. ఆగింది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. ఇంట్లో ముగ్గురు చిన్నవాళ్ళు. ఆ గొయ్యి మనిద్దరమే తవ్వాం కోల్మన్. తవ్వడం అయ్యాక నువ్వు పైకి రాలేదు, మట్టిలో అలాగే కూర్చుని ఏడ్చావు. చెయ్యి పట్టి లాగింది నేనే. ఆ ఓటు కాగితం పట్టుకుంటే నీ చెయ్యే గుర్తొచ్చింది నాకు. పై గడిలో గీత పెట్టాను.

నీ బాధ నాకు తెలియదనుకోకు. నీ కూతురు ఊనా పుట్టినప్పుడు డాక్టరు బిడ్డని చూడకుండా నిన్నే జాలిగా చూశాడని చెప్పావు. ఇలా బుద్ధి ఎదగని పిల్లల్ని ఇంగ్లండులో పుట్టనివ్వరని ఎవరో అంటే వాడి చొక్కా పట్టుకున్నావు. లెక్కలు రావు, గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది, కానీ ఈ ఇంట్లో నవ్వంటూ ఉంటే అది ఊనాదే. ఓట్లు లెక్కపెట్టి, తీసేద్దామన్నవాళ్ళే గెలిచారని తేలిన మర్నాడు మన రాతిగోడ దగ్గరికొచ్చి నువ్వు ఒక్కటే అడిగావు: "నీ గడిలో నా ఊనాకి చోటుందా, ఫెస్టీ?"

ఉందిరా, ఎత్నాకి కూడా చోటు కావాలనే వేశాను అని చెప్పడానికి నాకు వారం పట్టింది. మాటలు దొరికేసరికి నువ్వు గోడ దగ్గరికి రావడం మానేశావు.

ఇందాక ఊనా వచ్చింది, చూశావా? నీ దుప్పటి సర్ది, నా భుజం తట్టి, "నాన్న పడుకున్నాడు, గట్టిగా మాట్లాడకు మావా" అంది. అందుకే ఇలా గొణుగుతున్నాను.

నిజం చెప్పనా? ఆ అబద్ధం చెప్పేద్దామనే లేచాను. రెండుసార్లు లేచాను. ఊళ్ళో పలకరించేవాళ్ళు లేరు. దుకాణంలో చిల్లర చేతికివ్వరు, బల్ల మీద పెడతారు. ఒక్క మాటతో అంతా మళ్ళీ మామూలైపోతుంది. కానీ నేను ఒంటరిగా చదువుకుని వేసింది అదొక్కటే ఓటు. అది కూడా నువ్వు చెప్పిందేనంటే ఇంక నాదంటూ ఏం మిగిలింది?

అదిగో, డెలియా వస్తోంది.

వచ్చింది, నా మొహం చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ బయటికెళ్ళి వాళ్ళతో ఏదో చెప్పింది.

కారు తలుపులు వేసుకున్నారు. నీ గొయ్యి తవ్వడానికి నలుగురు వెళ్ళారు. నేను వెళ్ళలేదు.