అవియోన్ అని పెట్టుకున్న పేరు

సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో శుక్రవారం సెలవు. కార్మికుల గదిలో ఖాళీ సంచి ముందు కూర్చున్న యువకుణ్ణి, జగిత్యాల వైపు నుంచే వచ్చిన పెద్ద మేస్త్రీ పలకరించాడు.

“కఫీల్ సేటు నిన్ను ఇంటికి పొమ్మన్నడట గదా తమ్మీ! ఇగ బిడ్డను చూస్తవ్. పేరేం పెట్టినవంటివి?”

“అవియోన్.”

“గదేం పేరు?”

“సైటు మీదికొచ్చిన ఫ్రాన్సు ఇంజనీరు చెప్పిండన్నా. వాళ్ల భాషల ఇమానాన్ని గట్లంటరట. నేను ఇమానం ఎక్కితెనే గదా బిడ్డ మొఖం చూసేదని అదే పెట్టిన.”

“మీ అవ్వ ఒప్పుకున్నదా?”

“నోరు తిరగక ‘అవ్వయ్యా’ అని పిలుస్తుండె. ఆకాశంల ఇమానం పోతే మా ఆమె ‘అగో, బాపు వస్తుండు’ అంటుండె. పిల్ల రెండు చేతులు పైకి లేపుతుండె.”

“పిలుస్తుండె, లేపుతుండె అంటవేంది తమ్మీ?”

“మొన్న జరమొచ్చిందన్నా. నిన్న దవాఖానకు తీస్కపోతుంటె తొవ్వలనే పానం పోయింది.”

“అయ్యో, కొడుకా! ఎనిమిది నెలల పిల్ల!”

“పుట్టినప్పుడు మూడుసార్లు సెలవడిగితె కఫీల్ లేదన్నడు. ఇయ్యాల అడగంగనే సంతకం పెట్టిండు.”

“నువ్వు పోయేదాంక ఉంచుతరా?”

“లేదన్నా. నిన్ననే బొందపెట్టిన్రు. ఫోన్ల చూపిస్తమంటె నేనే వద్దన్న.”

“మరి ఇప్పుడు పోయి ఏం చూస్తవ్ తమ్మీ?”

“మా ఆమెకు పాలు ఆగుతలేవట అన్నా. ఎవ్వలతోని మాట్లాడుతలేదట. ఆమె పక్కన కూసుంట.”

“జరుగు. నీ బట్టలు నేను సదురుత.”