నాలుగో పాటకి ముందు అరుపు

"నాలుగో పాటకి ముందు జనం గోలలో ఒకడు 'ఇంకోటీ!' అని అరుస్తాడు చూడండి, ఆ ఒక్క అరుపూ విడిగా తీసివ్వగలరా?"

రికార్డింగు గదిలో ముసలి ఇంజనీరు ఆల్బమ్ అట్టను అటూ ఇటూ తిప్పాడు. ముప్పై ఏళ్ల కిందట ఆ రాక్ బృందం కచేరీని రికార్డు చేసింది తనే.

"ఎందుకమ్మా?"

"అది మా తమ్ముడి గొంతు. ఆ రోజు ముందు వరసలో ఉన్నాడు. వాడు పోయాక మాకు మిగిలింది ఆ అరుపొక్కటే. అమ్మేమో ఇప్పుడు గిటార్ల మోత తట్టుకోలేకపోతోంది."

"అంత గోలలో వాడేనని ఎలా..."

"తోడబుట్టినదాన్నండీ, నాకు తెలీదా?"

ఇంజనీరు అట్టను బల్ల మీద పెట్టాడు. ఆ రోజు జనం వైపు పెట్టిన మైకులు పనిచెయ్యలేదు. మర్నాడు ఇదే గదిలో నలుగురు చేరి, చప్పట్లు కొట్టి, ఈలలేసి, ఆ గోలంతా పుట్టించి పాటల మధ్య అతికించారు. 'ఇంకోటీ!' అని గొంతు చించుకున్నది తనే.

"అమ్మా, అసలు ఆ రోజు మైకులు..."

"అవన్నీ నాకర్థం కావండీ. కుదురుతుందా, కుదరదా? అమ్మ ఎదురుచూస్తోంది."

"కుదురుతుంది. రేపు రండి."

"మీకు ఒంట్లో బాగాలేదా? ఇందాక లోపలికి రమ్మని అంత గట్టిగా పిలిచారు, ఇప్పుడేమో గుసగుసలాడుతున్నారు."

"గొంతు పట్టేసిందమ్మా," అన్నాడు, ఇంకాస్త తగ్గించి.