బ్యాటు పడేసి పరుగెత్తాలి

పటమటలో జయపాల్ ఇంటి వరండా. ఎదురుగా జిల్లా బేస్‌బాల్ సంఘం తరఫున వచ్చిన కాలేజీ పీడీ ఉషశ్రీ. ఇచ్చిన కాఫీ ఆమె ముట్టుకోలేదు. ఆయన ఆమె ఫోను మీద నుంచి చూపు తిప్పలేదు.

"ముందు ఆ ఫోను బోర్లా పెట్టండమ్మా."

"రికార్డింగ్ ఏం పెట్టలేదండీ."

"పెట్టారని నేనన్నానా? బోర్లా పెట్టమన్నాను, అంతే."

"పెట్టాను. ఇప్పుడు చెప్పండి. మన దగ్గర బేస్‌బాల్ మొదలెట్టింది మీ అన్నయ్య నతానియేలు మాస్టారేనా?"

"మిమ్మల్ని పంపిందెవరు? ప్రెసిడెంటు తిరుపతిరావు గారేగా?"

"సంఘం పంపింది."

"సంఘమంటే ఆయనేగా! ఆట మొదలెట్టింది వాళ్ళన్నయ్య వెంకటకృష్ణారావు గారేనని, గ్రౌండుకి ఆ పేరే పెట్టాలని ఆయన ఎప్పుడో అనేసుకున్నారు. మరి మా గుమ్మం తొక్కడం దేనికి? పోయిన మా అన్నయ్యని అబద్ధాలకోరని తేల్చడానికా?"

"రేపు మీటింగులో పేరు ఖాయం చేస్తారండీ. ఈలోపు నిజం తెలుసుకుందామని వచ్చాను. అమెరికాలోనూ ఇంతేనట. ఈ ఆట ఎవరో మిలటరీ ఆయన కనిపెట్టాడని కమిటీ వేసి మరీ తేల్చారట. ఆయన పాపం బతికుండగా ఆ మాటే అనలేదట."

"చూశారా! కమిటీ అంటేనే నాకు భయం."

"మాస్టారికి ఈ ఆట ఎలా తెలిసింది?"

"ట్రైనింగ్ క్యాంపులో చూసొచ్చాడు. సగం రూల్సే గుర్తున్నాయి. మిగతా సగం మేం ఆడుకుంటూ పెట్టుకున్నవే. బంతి కాలవలో పడితే కొట్టినవాడే దూకి తేవాలి. అదీ రూలే."

"మరి బ్యాటు?"

"ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరమ్మా. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళ చేత చేయించాడు. పొణికి కర్ర. బొమ్మకి బాగానే ఉంటుంది గానీ, బంతి తగలగానే రెండు ముక్కలైంది. తర్వాత తుమ్మ కర్రతో చేయించాడు. అది విరగదు. విరిగితే కాళ్ళే విరగాలి."

"ఎవరి కాలు విరిగింది?"

"విరిగిందన్నానా? మాటవరసకన్నాను."

"జయపాల్ గారూ, బంతి కొట్టాక బ్యాటు ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేస్తాం... పట్టుకుని పరుగెత్తేవాళ్ళం."

"బ్యాటు పట్టుకునా?"

"నవ్వకండి. క్రికెట్టు ఆడిన చేతులు కదమ్మా! వదిలేస్తే రనౌటైపోతామని భయం. బేసు దగ్గరకి రాగానే బ్యాటు ముందుకి చాపి నేలకి ఆనించేవాళ్ళం. అది తప్పని అన్నయ్యకీ తెలీదు."

"మరి పడేయాలని రూలు పెట్టిందెవరు?"

"అన్నయ్యే."

"ఎప్పుడు?"

"కాఫీ చల్లారిపోతోంది."

"ఎప్పుడండీ?"

"ఒకతనికి తగిలింది. అప్పుడు."

"ఎవరికి?"

"ఎవరో కుర్రాడు. ఎప్పటి మాటో!"

"రూలు గుర్తుంది గానీ, దెబ్బ తిన్నవాడు గుర్తులేడా? ఇలా అయితే రేపు మీ మాట ఎవరు నమ్ముతారండీ? మాస్టారి పేరు పోతుంది."

"చెబితే ఇంకా పోతుంది!"

"చెప్పి చూడండి."

"వెంకటకృష్ణారావు గారికే తగిలింది. సరేనా? ఆయన ఫస్ట్ బేసు దగ్గర ఫీల్డింగులో ఉన్నారు. మా పేట కుర్రాడు జాన్సన్ బ్యాటు చాపుకుంటూ వచ్చి పడ్డాడు. మోకాలి కింద చీరుకుపోయింది. వాళ్ళ నాన్నగారు స్కూలు మీదకొచ్చి, మా పేట పిల్లలు కావాలనే కొట్టారని నానా యాగీ చేశారు. ఆట మానిపించేస్తారనుకున్నాం. అన్నయ్య అందరి ముందూ నిలబడి, 'తప్పు పిల్లాడిది కాదండీ, రూలు పెట్టని నాది. ఇవాళ్టి నుంచి కొట్టగానే బ్యాటు కింద పడేయాలి, లేకపోతే అవుట్' అన్నాడు. ఇప్పుడీ మాట బయటపెడితే, పోయిన పెద్దమనిషిని ఆడిపోసుకుంటున్నామంటారు. అన్నయ్య పేరు ఎలాగూ రాదు, పైగా మేం అల్లరవుతాం."

"అయితే మొదలెట్టింది వెంకటకృష్ణారావు గారు కాదన్నమాట."

"ఆయన ఆడారు. బాగా ఆడారు. కట్టు విప్పకుండానే కుంటుకుంటూ వచ్చి మళ్ళీ ఆడారు. అంతకన్నా నన్నేమీ అడక్కండి... ఏంటమ్మా, కళ్ళు తుడుచుకుంటున్నారు? అసలు మీరెవరి అమ్మాయి?"

"ఆయన అమ్మాయినే. తిరుపతిరావు గారు మా బాబాయి."

"కొంప ముంచారు గదమ్మా! నేనన్నదంతా మర్చిపోండి. వయసు మీద పడింది, ఏదో వాగాను."

"మర్చిపోనండీ. మాస్టారి సంగతి మా నాన్న సరదాకి అల్లిన కథేనని బాబాయి అంటున్నారు. అందుకే మీ నోట విందామని వచ్చాను. రేపు మీటింగుకి మీరూ రండి, ముందు నేనే మాట్లాడతాను. నాన్న పంచె పైకి లాగి, ఆ మచ్చ చూపించి ఎప్పుడూ ఒకటే అనేవారు: 'ఇది నతానియేలు మాస్టారు పెట్టిన రూలు తల్లీ. నాకు తగిలింది కాబట్టి ఇంకెవరికీ తగల్లేదు.'"