ఎడమకి అరమిల్లీ

లేజరు చెక్కుడు దుకాణం. మధ్యాహ్నం. మామ, కోడలు.

“మళ్ళీ కదిపారు మామయ్యా.”

“కదపలేదమ్మా.”

“మరి బిళ్ళ మీద అంకె పక్కకెందుకు పోయింది? వెర్నియర్ పెట్టి కొలిచి చూడండి. ఎడమవైపు రెండున్నర మిల్లీలు, కుడివైపు మూడున్నర. రెండు పక్కలా మూడేసి ఉండాలి.”

“నాకు ఒకేలా కనపడుతోంది.”

“మీకా? మీకు ఒకేలా కనపడుతోందా?”

“ముసలి కళ్ళు.”

“సరే, మళ్ళీ చెప్తాను. జిగ్గంటే ఏంటి?”

“పలక. బిళ్ళలు కదలకుండా కూర్చోడానికి గడులు కోసిన పలక.”

“గడి ఎంతుండాలి?”

“బిళ్ళ ఎంతుంటే అంత.”

“అంత గీస్తే కుదరదు. కోసేటప్పుడు లేజరు అంచు కొంచెం తినేస్తుంది. గడి పెద్దదై బిళ్ళ లోపల లొడలొడలాడుతుంది. అది తినేదెంతో చూసుకుని అంత తగ్గించి గీయాలి. గీసి, కోసి...”

“కోసి, పలకని కదపకుండా, అక్కడికక్కడే బిళ్ళలు పేర్చి చెక్కాలి. విడతకి ముప్ఫై అయిదు. నాలుగు విడతల్లో నూట నలభై. విన్నానమ్మా.”

“నోటికి బాగానే వచ్చింది.”

“చేతికే రావట్లేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా తల్లీ?”

“మీరు వంగనిదెప్పుడు? నలభై ఏళ్ళు చేత్తో చెక్కారు, ఇత్తడి మీద, రాగి మీద. నాన్న ఉత్త కంటితో పావు మిల్లీ పట్టేస్తాడని మీ అబ్బాయి అనేవారు.”

“వాడు చాలా అనేవాడు.”

“ఊఁ.”

“మెషీను వచ్చాక అంతా వాడే చూసుకున్నాడు కదా. వాడు, తర్వాత నువ్వు. నేను పార్సిళ్ళు కట్టుకునేవాణ్ణి.”

“గోడకి ఆయన జిగ్గులు ఇరవై రెండు వేలాడుతున్నాయి. ఒక్కటి సరిపోయినా ఈ తిప్పలు ఉండేవి కాదు.”

“పెన్నులది పెన్నులకే. గరిటెలది గరిటెలకే. ఏ వస్తువుకి ఆ జిగ్గు.”

“అందుకే నేర్చుకోమంటున్నాను. అన్నయ్య నాలుగింటికి వస్తాడు, నన్ను తీసుకెళ్ళడానికి.”

“తెలుసమ్మా.”

“సోమవారం నేను వాళ్ళ ఊళ్ళో ఉద్యోగంలో చేరాలి. చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారట. మీకిది రాకుండా నేను వెళ్ళిపోతే వచ్చిన ఆర్డరల్లా ఇలాగే పాడవుతుంది. దుకాణం మూసుకోవాలి.”

“మూసుకుంటే మూసుకుందాం.”

“మూసుకుని ఏం చేస్తారు?”

“ఏం చేస్తాను? కూర్చుంటాను.”

“భోంచేశారా?”

“నువ్వు?”

“చేసినట్టున్నాను.”

“చేసినట్టుండడమేంటమ్మా?”

“పన్నెండున్నరకి కంచం కడిగాను. అంటే తినే ఉంటాను.”

“నాదీ అదే వరస. పొద్దున ఒక చెప్పు వేసుకున్నాను. రెండోది ఎప్పుడు వేసుకున్నానో గుర్తు లేదు.”

“మూడు నెలలైంది మామయ్యా. నాకు ఏడుపు రావట్లేదు. అందరూ ఏడు, ఏడు అంటారు. మనసు తేలికపడుతుంది రమ్మని అన్నయ్య. బరువుంటే కదా తేలికపడడానికి! ఏమీ లేదు. మొద్దుబారిపోయింది.”

“ఊఁ.”

“మీకు?”

“సాయంత్రం వాడి బండి చప్పుడు వినపడుతుంది. యాక్సిడెంటయ్యాక దాన్ని తుక్కుకి వేసింది నేనే. అయినా వినపడుతుంది. లేచి షట్టరు దాకా వెళ్ళి వస్తాను. అంతే.”

“జిగ్గుకి ఇంకో షీటు పెట్టండి.”

“పెడతాను.”

“మెషీను బెడ్డు మూలకి ఆనించండి. ఆఁ, అలా. టేపు వెయ్యండి, నాలుగు వైపులా.”

“వేశాను.”

“ఇక కొయ్యండి. ఆ మంట చూడండి, గాలి పెంచండి... చాలు. అయింది. తెగిన ముక్కలు పైపైన తీసెయ్యండి, పలక కదలకుండా. బిళ్ళలు పేరుద్దాం. పెట్టెలోవి తియ్యనా?”

“వద్దు, వద్దు. పెట్టె ముట్టుకోకు. గీతలు పడతాయి. పరీక్షకని హాస్టలువాళ్ళు ఎక్కువిచ్చినవి ఆరున్నాయిగా, వాటినే వెనక్కి తిప్పి చెక్కుదాం.”

“సరే. ముట్టుకోను.”

“నువ్వెళ్ళి రెండు టీలు చెప్పిరా అమ్మా. ఈలోగా నేను అంకెలు పెడతాను.”

“వెళ్తాను.”

...

“టీ. వేడిగా ఉంది, చూసుకోండి. చెక్కేశారా?”

“ఆఁ, ఇప్పుడే.”

“ఉండండి, ఫోను. హలో, అన్నయ్యా... ఆఁ, సర్దుకున్నాను, ఒక్క సంచే... లేదు, ఇంకా కాలేదు. హాస్టలు తాళాలకి కట్టే బిళ్ళలు, నూట నలభై. అవ్వకుండా ఎలా రాను?... జిగ్గు కుదరట్లేదు... కాదన్నయ్యా, ఆయన్నేం అనకు. ఒప్పుకున్న పని కదా... సరే, ఉంటాను.”

“ఏమంటున్నాడు?”

“బయల్దేరాడట. పనైనా కాకపోయినా ఎక్కించుకునే వెళ్తానంటున్నాడు.”

“మీ అన్నయ్య పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.”

“మా వంశంలోనే ఉంది. కొలవండి.”

“నువ్వే కొలువమ్మా.”

“రెండున్నర. మూడున్నర.”

“అయ్యో.”

“మామయ్యా.”

“ఊఁ?”

“నిన్నటిది ఎడమకి అరమిల్లీ. ఇందాకటిది ఎడమకి అరమిల్లీ. ఇదీ ఎడమకి అరమిల్లీ.”

“నా చేతివాటం అంతేనేమో.”

“చేతకానివాళ్ళది ఒకసారి ఎడమకి పోతుంది, ఒకసారి కుడికి, ఒకసారి పైకి. నేను నేర్చుకునేటప్పుడు ఒక తప్పు ఇంకో తప్పులా వచ్చింది లేదు. మీది మాత్రం అచ్చు గుద్దినట్టు అరమిల్లీ. ఎడమకే.”

“ఏదో, అలా పడింది.”

“ఇంత కచ్చితంగా తప్పు చెయ్యాలంటే పని ఎంత బాగా వచ్చుండాలి మామయ్యా?”

“టీ చల్లారిపోతోంది, తాగు.”

“నన్ను టీకి పంపి కంప్యూటర్లో అంకెని అర జరుపుతున్నారు. ప్రతిసారీ.”

“వదిలెయ్యమ్మా.”

“వదిలేస్తాను. ముందు చెప్పండి.”

“ఏం చెప్పను?”

“నోరు తెరిచి అడగొచ్చుగా.”

“ఏమని? ఉండమ్మా అనా? వాడే లేనప్పుడు నిన్ను ఉండమనడానికి నేనెవర్ని? నీకు ముప్ఫై కూడా నిండలేదు. ఈ పొగలో, ఈ ముసలాడికి కాపలా ఎందుకు నీకు? అడిగే మొహం లేదు నాకు. జిగ్గు రాకపోతే ఇంకో రోజు ఉంటావు కదా అనుకున్నాను. ఒక్క రోజు. మళ్ళీ ఇంకొకటి. నువ్వెళ్ళిపోతే పొద్దున ఎందుకు లేవాలో నాకు తెలియట్లేదు. భయమేస్తోంది తల్లీ.”

“ఊఁ.”

“ఇంకోటుంది. అదీ చెప్పేస్తాను. ఆ పెట్టెలో బిళ్ళలు లేవు, చిత్తుకాగితాలు కుక్కాను. బుధవారం నువ్వు పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళావే, అప్పుడే జిగ్గు కోసి, నాలుగు విడతలూ చెక్కేశాను. నిన్న పొద్దున పంపించేశాను.”

“పంపించేశారా?”

“గడువు నిన్నటికి కదా. మన ఇంట్లో ఏం జరిగిందో ఆ హాస్టలు పిల్లలకేం సంబంధం? వాళ్ళ తాళాలు వాళ్ళకి కావాలి. ఒక్క షీటే పట్టింది. ఆర్డరు లేదమ్మా. అయిపోయింది. నిన్ను ఆపడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. వెళ్ళు. ముఖం కడుక్కో, మీ అన్నయ్య వచ్చే వేళైంది.”

“ఇంకో షీటు తియ్యండి మామయ్యా.”

“వింటున్నావా? చెక్కడానికి ఏమీ లేవంటుంటే!”

“వింటున్నాను. బిళ్ళలన్నీ అందాయని వార్డెన్ నిన్న మధ్యాహ్నమే నాకు ఫోన్ చేశాడు.”